నెల్లూరు నుండి ఒంగోలునకు: 1854 నాటి యాత్ర

దేశచరిత్ర యనగానే రాజుల దండయాత్రలును, కోటల ముట్టడులును చదువరులకు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని దండు నడచిన బాటమీదనే బైరాగులు నడచిరి, వర్తకులు నడచిరి, పుస్తకముల మూటను భుజమున వేసికొనిన సామాన్యులును నడచిరి. దండు లేపిన దుమ్ము దండుతోడనే అణగిపోయెను. సామాన్యులు నడచిన దారిలో మాత్రము కొన్ని ఊళ్ళ బడులు వెలసెను, కొన్ని పాలెములలో రాత్రివేళ చదువుల దీపము వెలిగెను. అట్టి నడకలలో ఒకటి 1853వ సంవత్సరపు చలికాలమున నెల్లూరినుండి బయలుదేరి, 1854 జనవరి 1వ తేది సూర్యోదయమునకు ఒంగోలు చెంతనున్న ఒక గుట్టమీదికి చేరెను. అందు పాల్గొనినవారు అయిదుగురు. వారిలో ఇద్దరు అమెరికా దేశస్థులు, ముగ్గురు తెలుగువారు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఈ చిన్న సమూహము చేసిన ప్రయాణము తరువాతి కాలమున ఒంగోలు సీమలోని వేలాది కుటుంబముల బ్రతుకులను మార్చినది గనుక, దాని వృత్తాంతము తెలిసికొనదగియున్నది.

నెల్లూరి మిషను

అమెరికా బాప్టిస్టు సంఘమువారి పక్షమున సామ్యూల్ డే అను నతడు 1836లో భార్యాసమేతుడై విశాఖపట్టణము చేరెను. కొంతకాలము శ్రీకాకుళమునను, పిమ్మట మద్రాసునందును తెలుగువారి నడుమ పనిచేసి, 1840లో ఆయన నెల్లూరున స్థిరపడెను. 1849లో లైమన్ జూయెట్ అను మరియొక బోధకుడు, ఆయన భార్య యుఫీమియాయు వచ్చి నెల్లూరు చేరిరి. జూయెట్ దొర తెలుగును శ్రద్ధతో అభ్యసించెను. తరువాతి దినములలో కొత్త నిబంధన తెలుగు అనువాదమును సంస్కరించు పనికి పూనుకొనగల పాండిత్యము గడించెను.

అయినను ఏండ్లు గడచినకొలది ఫలము స్వల్పముగనే యుండెను. సంఘమున చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మంది. ధనము పంపువారికి విసుగు పుట్టెను. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన మహాసభలో ఈ మిషనును మూసివేయుదమా, నిలుపుదమా యను చర్చ వచ్చెను. సభామందిరమున వ్రేలాడిన పటమునందు బర్మా దేశపు మిషను స్థానములు నక్షత్రముల వలె గుంపుగా కానవచ్చుచుండెను. బంగాళాఖాతమునకు ఈవలి యొడ్డున నెల్లూరు ఒక్కటియే ఒంటరిగా నుండెను. దానిని ఒక వక్త ఒంటరి నక్షత్రమని పేర్కొనగా, ఆ రాత్రియే సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ పేరుతో ఒక గీతమును రచించెను. మరునాడు అది సభలో చదువబడగా శ్రోతల హృదయములు కరగెను, మిషను నిలిచెను. నాటినుండి నెల్లూరి మిషనుకు ఒంటరి నక్షత్రమను పేరే స్థిరపడెను.

ఇచట గమనింపదగిన సంగతి యొకటి కలదు. సముద్రమునకు ఆవల పెద్దలు కూడి, ఉన్న ఒక్క స్థానమును నిలుపుటయా మానుటయా యని తర్కించిన ఆ యేటనే, ఇచట నెల్లూరున నున్న కొద్దిమంది మరింత ఉత్తరముగా పోయి రెండవ స్థానము వెదకుటకు మూట గట్టుకొనిరి.

ఆనాటి బాట

నెల్లూరునకును ఒంగోలునకును నడుమ దూరము సుమారు 75 మైళ్ళు. మద్రాసునుండి ఉత్తరముగా కలకత్తాకు పోవు పెద్దబాట ఈ రెండు పట్టణముల మీదుగనే సాగును. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే; 1904లో అది గుంటూరు జిల్లాలో చేరెను; 1970లో తనపేర ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమై, 1972నుండి ఆ జిల్లా ప్రకాశము పేర పిలువబడుచున్నది. రైలుమార్గము ఈ సీమకు పందొమ్మిదవ శతాబ్దపు చివరగాని రాలేదు. కావున 1853లో ఆ దారిన పోవువారికి కాలినడకయో, గూడుబండియో, పల్లకియో, గుఱ్ఱమో శరణ్యము.

నెల్లూరు విడిచిన వెంటనే పెన్న దాటవలయును. ఆ పైన మన్నేరు, పాలేరు, మూసి యడ్డుపడును. ఈశాన్యపు వానలు వెనుకబట్టి, ఏరులలో నీరు తగ్గి, ఎండలు ఇంకను ముదరని పుష్యమాఘ మాసములే ఇట్టి ప్రయాణములకు అనువైన కాలము. ఏటి యిసుకలో చక్రము దిగబడినచో ఎడ్లకు తోడుగ మనుష్యులును భుజము పట్టవలసినదే. దినమునకు పది పన్నెండు మైళ్ళు సాగినచో గొప్పగా భావింపబడెడిది. గుడారము, వంటపాత్రలు, బియ్యము, మందుల పెట్టె, పుస్తకములు బండిమీద. మనుష్యులు చాలవరకు బండి వెంట. చింతతోపో మామిడితోపో కనబడినచోట గుడారము వేయుదురు. ఉదయసాయంకాలములందు చుట్టుప్రక్కల పల్లెలకు పోయి, రచ్చబండ యొద్దను, సంతలోను, చావడిముందును జనులతో ముచ్చటింతురు. అక్షరము తెలిసినవారు దొరికినచో చిన్న పుస్తకము చేతికిత్తురు. అచ్చుపుస్తకము అరుదైన ఆ దినములలో ఆ పుస్తకమును చూచుటకే జనులు మూగెడివారు. మతమును గూర్చి వాదించువారు కొందరు, ఎగతాళి చేయువారు కొందరు, ఊరక చూచి పోవువారు పలువురు.

అయిదుగురు బాటసారులు

జూయెట్ దంపతులతో కూడ పోయిన తెలుగువారు ముగ్గురు. మొదటివాడు క్రైస్తవ నరసు అని పేరొందిన బోధకుడు. తక్కిన ఇరువురు జూలియా, రూతు అను స్త్రీలు. జూలియా నెల్లూరి మిషను బడిలో చదువు నేర్చినది. పిమ్మట పెక్కేండ్లు నెల్లూరున స్త్రీల నడుమ పనిచేసి, ఇల్లిల్లు తిరిగి బైబిలు చదివి వినిపించినది.

ఈ యాత్రలో స్త్రీల పాలు ఎంతటిదో నేటివారికి వెంటనే స్ఫురింపకపోవచ్చును. ఆడుపిల్లకు అక్షరము నేర్పుట కూడదని పెద్దలు తలచుచుండిన కాలమది. చదువు నేర్చిన తెలుగు స్త్రీ సొంత ఊరు విడిచి, పరిచయము లేని ఊళ్ళకు పోయి, పుస్తకము చేతబట్టి పదిమంది యెదుట మాటలాడుట వింతలలో వింత. పురుషబోధకుడు రచ్చబండకడ నిలిచి ఎంత చెప్పినను పెరటిలోని ఆడువారికి వినబడదు. ఆ వాకిలి దాటి లోనికి పోగలిగినవారు జూలియా, రూతు వంటివారే. కనుక వారు దొరసానికి తోడుగా వెంటవచ్చిన పరిచారికలు కారు. ఆ పనిలో సగము వారిదే. అట్లే నరసు. పరదేశి నోట వినబడిన తెలుగు ఎంత శుద్ధమైనను, పల్లెవాని సందేహము పల్లెవాని నుడిలో తీర్చుటకు తెలుగువాడే కావలయును.

గుట్టపై ప్రార్థన

డిసెంబరు చివరకు వారు ఒంగోలు చేరిరి. 1854 జనవరి 1వ తేది తెల్లవారకమునుపే, చీకటి యుండగనే, అయిదుగురును పట్టణము చెంతనున్న గుట్ట యెక్కిరి. ఒక కీర్తన పాడుకొనిరి. జూయెట్ దొర యెషయా గ్రంథమునందలి 52వ అధ్యాయమునుండి సువార్తికుల పాదములను గూర్చిన భాగమును చదివెను. పిదప ఒకరి తరువాత ఒకరుగా అయిదుగురును మోకరించి, ఒంగోలునకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. పురుషులు ప్రార్థింపగా స్త్రీలు విని యూరకుండుట గాక, ఎవరి ప్రార్థన వారు స్వయముగ చేసిరి.

ఇంతలో సూర్యుడుదయించెను. క్రింద పట్టణపు ఇండ్లు, అంతకు వెలుపల పల్లెలు వెలుగులో తేలెను. ఒకచోట బ్రహ్మజెముడు పెరిగి నిరుపయోగముగ నున్న నేల కానవచ్చెను. జూయెట్ దొర దానిని జూలియాకు చూపి, మన బోధకుని బంగళా అచట నుండిన బాగుండునా యని అడిగెనట. ఆ మాట ఆమె చిరకాలము జ్ఞాపకముంచుకొనినది. కొన్ని సంవత్సరములకు ఆ నేలయే మిషనువారి చేతికి వచ్చెను. ఆ గుట్టకు ప్రార్థన కొండయని పేరు నిలిచెను.

పన్నెండేండ్ల నిరీక్షణ

ప్రార్థించిన మరునాడే బోధకుడు రాలేదు. 1862లో జూయెట్ దొర ఆరోగ్యము చెడి అమెరికాకు పోగా, అచట మరల మిషనును మూసివేయుదమను మాట పుట్టియుండెను. ఆయన తానొక్కడనే యైనను తిరిగిపోయి తెలుగువారి నడుమనే జీవింతును, అచటనే మరణింతును అని పట్టుపట్టెను. అట్లయిన నిన్ను పూడ్చుటకైన ఒక మనుష్యుని వెంట పంపవలయును గదా యని సంఘ కార్యదర్శి పరిహసించుచునే సమ్మతించెనని చెప్పుదురు. ఆ మనుష్యుడే జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించిన ఈయన యౌవనమున మిన్నెసోటా ప్రాంతమున భూముల సర్వే పనిచేసినవాడు. ఆ విద్య పిమ్మట ఎట్లుపయోగించెనో ముందు తెలియగలదు.

క్లౌ దొర 1865లో నెల్లూరు చేరి తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో భార్య హ్యారియెట్‌తో ఒంగోలు వచ్చెను. 1867 జనవరి 1వ తేది, గుట్టపై ప్రార్థన జరిగి సరిగా పదుమూడేండ్లు నిండిన దినమున, ఎనమండుగురితో ఒంగోలు సంఘము స్థాపితమయ్యెను.

తాళ్ళకొండపాడు

అయితే మార్పు వచ్చినది పట్టణమునుండి కాదు, పల్లెనుండి. దానిని తెచ్చినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ కులమున పుట్టి, తోళ్ళ వ్యాపారముతో జీవించినవాడు. చిన్ననాటినుండి దైవజిజ్ఞాస మెండు. యోగమార్గము తెలిసిన గురువుల నాశ్రయించి సాధన చేసి, తానే కొందరికి గురుతుల్యుడై యుండెను. వ్యాపారమునకై ఉత్తరపు సీమలకు పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధ వినెను. అది మనసున నాటుకొనగా, తిరిగివచ్చి ఒంగోలు మార్గము వెదకుకొని, 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను.

పేరయ్య అంతటితో నిలువలేదు. ఒకరు పంపిన పనియని యెంచక, తాను పొందినదానిని తనవారితో పంచుకొనుట తన ధర్మమని తలచి పల్లెపల్లె తిరిగెను. పూర్వము యోగమార్గమున ఆయనను గురువుగ నమ్మినవారే ఇపుడును ఆయన మాట వినిరి. 1867 జనవరిలో, సంఘస్థాపన జరిగిన కొన్ని దినములకే, క్లౌ దొర ఒంగోలునకు 40 మైళ్ళ దూరమున నున్న తాళ్ళకొండపాడునకు పోయి చింతతోపున గుడారము వేయించెను. చుట్టుప్రక్కల ఊళ్ళనుండి ముప్పది నలువదిమంది స్త్రీపురుషులు కొన్ని దినములకు సరిపడు భోజనసామగ్రి మూటలు గట్టుకొని వచ్చిరి. బోధ వినుటకు వచ్చినవారే గాని భిక్షకై వచ్చినవారు కారు. ఆ జనవరి 20వ తేది 28 మంది బాప్తిస్మము పొందిరి. నెల్లూరున ఏండ్ల తరబడి పాటుపడినను కానరాని ఫలము ఆ తోపున కొన్ని దినములలో కనబడెను. బీజము వేసినవాడు మాత్రము పేరయ్య.

తలుపు ఎవరికి?

ఇచట ఒక క్లిష్టసమస్య తలయెత్తెను. ఒంగోలున మిషను బడికి అగ్రకులముల బాలురు కొందరు వచ్చుచుండిరి. వారి పెద్దలలో కొందరు బోధకు అనుకూలురుగ నుండిరి. మాదిగవారు సంఘమున చేరగోరుచున్నారని తెలియగనే, వారిని చేర్చుకొనినచో తాము రామని అగ్రకులమువారు స్పష్టముగ చెప్పిరి. పట్టణమున పలుకుబడి కలవారిని నిలుపుకొనుటయా, ఊరి వెలుపల నున్నవారిని లోనికి పిలుచుటయా? క్లౌ దంపతులు ఆ రాత్రి ఎవరి గదిలో వారు వేరువేరుగా గ్రంథము విప్పగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమే కంటబడెనని వారు చెప్పుకొనిరి. మరునాడు తలుపు తెరువబడెను, బడి ఖాళీయయ్యెను.

ఈ నిర్ణయము వలన వచ్చిన కష్టములు పల్లెలలో మరింత తీవ్రముగ నుండెను. చేరినవారికి మూడు నియమములు విధింపబడెను: ఆదివారమున పని మానవలయును, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చెప్పుటకు ఇవి చిన్నమాటలే. కాని మాదిగవాని శ్రమ మీదనే కమతము సాగు గ్రామమున, కోతలకాలమున కూలీలు ఏడవనాడు పనికి రామనినచో రైతు ఊరకుండునా? జాతరనాడు డప్పు మ్రోయనిచో గ్రామపెద్ద సహించునా? గ్రామధర్మమునకు భంగము కలిగినదని వారికి కోపము. మనుష్యుడుగ బ్రతుకుటకు ఇపుడే దారి దొరకినదని వీరికి పట్టుదల. పలుచోట్ల కూలి పోయెను, దెబ్బలు తగిలెను. రెండు పక్షముల మనోభావములను గ్రహించినగాని ఆనాటి గ్రామచరిత్ర బోధపడదు.

కరవు, కాలువ

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఘోరమైన కరవు ఒంగోలు సీమను విడువలేదు. కరవుపనిగా ప్రభుత్వమువారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండగా, సర్వేపని తెలిసిన క్లౌ దొర అందు మూడున్నర మైళ్ళ మేర కంట్రాక్టు తీసికొనెను. వేలాది జనులు అన్ని కులములనుండియు వచ్చి అచట మట్టి మోసి ప్రాణము నిలుపుకొనిరి. మిషను బోధకులే మేస్త్రీలై పని చూచిరి. కూలి సక్రమముగ చెల్లించిరి. విరామవేళలలో జనుల కష్టసుఖములు వినిరి.

ఆ కాలమున వేలకొలది మంది సంఘమున చేరగోరిరి. కాని అన్నముకొరకు మతము మారిరను నింద రాకూడదని, సహాయపు పని సాగినంతకాలము, సుమారు 15 నెలలు, బాప్తిస్మములు నిలిపివేయబడెను. పని ముగిసి, ఇక ధనము పంచుట లేదని తెలియజేసిన పిమ్మటను జనులు మరలిపోలేదు. ఒంగోలునకు ఉత్తరముగా సుమారు పది మైళ్ళ దూరమున, పెద్దబాట గుండ్లకమ్మ నది దాటు వెల్లంపల్లి యొద్ద 1878 జూలై 2వ తేది 614 మంది, 3వ తేది 2,222 మంది, 4వ తేది 701 మంది, వెరసి మూడు దినములలో 3,537 మంది బాప్తిస్మము పొందిరి. వేలాది మందికి బాప్తిస్మ మిచ్చిన ఆ దినమున నదిలో దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్క తడవ ఇద్దరేసి దిగి, అలసినపుడు ఇంకొక ఇద్దరికి చోటు విడిచిరి. అయిదుగురు నడచిన పెద్దబాటయే ఆ వేలాది జనులను నదీతీరమునకు చేర్చెను.

యాత్రాఫలము

ఆ పిమ్మట జరిగినది సంగ్రహముగ చెప్పవచ్చును. బోధకులకు శిక్షణ నిచ్చుటకు 1872లోనే నెల్లూరునకును ఒంగోలునకును నడుమ సముద్రతీరమున రామాయపట్టణమునందు వేదాంత పాఠశాల వెలసియుండెను. పల్లెలలో చిన్న బడులు, ఒంగోలున ఉన్నత పాఠశాల, తరువాత క్లౌ దొర పేర వైద్యశాలయు ఏర్పడెను. జూయెట్ దొర 1897లోను, క్లౌ దొర 1910లోను అమెరికాలో మరణించిరి. పేరయ్య మొదలగు తెలుగు బోధకుల జీవితములు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమున చోటు చేసికొనెను.

ఈ చరిత్రను చదువువారిలో మతవిషయమున భిన్నాభిప్రాయములు కలవారుందురు; అది సహజమే. మిషనువారు దేశీయాచారములను సరిగా గ్రహింపక తేలికగ మాటలాడిన సందర్భములును కలవు. అయినను ఏ మతమువారికైనను ఇందు విలువైన సంగతి యొకటి కలదు. పెద్ద కార్యములు ధనముతో ఆరంభమైనట్లు పైకి కనబడును గాని, వాస్తవమున అవి నడకతో ఆరంభమగును. ఆల్బనీ సభలో ధనము వచ్చినది, సంకల్పము నిలిచినది. కాని నెల్లూరి పెన్న దాటి ఒంగోలు గుట్ట యెక్కినవి అయిదుగురి పాదములు. తాళ్ళకొండపాడు తోపునకు జనులను పిలిచినది ఒక తోళ్ళ వర్తకుని నోటిమాట.

ఆ గుట్టను తలచునపుడు జూయెట్ పేరు ముందు వినబడును. అది న్యాయమే, ఆయన పట్టుదల లేనిచో మిషనే నిలువకపోయెడిది. కాని నరసు, జూలియా, రూతు, పేరయ్య, నాగమ్మ అను పేర్లును ఆ పేరు ప్రక్కనే వ్రాయబడవలయును. ఊరి బడి అరుగు దరికి రానీయబడని వారి బిడ్డలు పలక పట్టి ఓనమాలు దిద్దుటకు, ఆ బిడ్డల బిడ్డలు ఉపాధ్యాయులై, వైద్యులై, గ్రంథాలయముల బల్లలకడ అందరితో సమముగ కూర్చుండి చదువుటకు, ఈ పేర్లు గలవారి పాదములు మొదట దుమ్ముపట్టినవి. ప్రతి గ్రామమునను ఇట్టి బాటసారులు కొందరుందురు. వారిలో కొందరు మతముకొరకు, కొందరు చదువుకొరకు, కొందరు దేశముకొరకు నడచిరి. వృద్ధులు జీవించియుండగనే వారి పేర్లడిగి వ్రాసియుంచుట గ్రంథాలయములు చేయదగిన పనులలో ముఖ్యమైనది.